లక్నోలో జరగనిది హైదరాబాద్‌లో ఎందుకు జరిగింది?

వినాయక చవితి దగ్గరపడుతోందంటే హైదరాబాద్ పాతబస్తీ పోలీస్ స్టేషన్లలో ఒక మీటింగ్ పెడతారు. కాగితం మీద దాని పేరు శాంతి సంఘం సమావేశం. జనం మాత్రం పీస్ కమిటీ మీటింగ్ అనే అంటారు. ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, టీ. ఒక పక్క మండపాలు పెట్టేవాళ్లు, ఇంకో పక్క మసీదు కమిటీల పెద్దలు, మధ్యలో ఇన్‌స్పెక్టర్, ఆయన వెనక కరెంటు ఆఫీసు మనిషి, జీహెచ్ఎంసీ మనిషి. మాట్లాడుకునేవన్నీ చిన్న విషయాలు. విగ్రహం ఎత్తెంత, వేలాడే వైర్లు ఎవరు పైకి కడతారు, నమాజు వేళకు డీజే ఎక్కడ ఆపాలి, ఊరేగింపు ఏ గల్లీ మీదుగా పోవాలి. మతసామరస్యం గురించి చివర్లో ఎవరో నాలుగు ముక్కలు చెబుతారు, చప్పట్లు పడతాయి. అసలు పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

శాంతి మీద, సంఘర్షణ మీద పరిశోధన చేసే పండితులు పాతికేళ్లుగా వాదించుకుంటున్నది ఒక రకంగా ఈ గది గురించే. ఊరు హిందూ ముస్లిం అల్లర్లు లేకుండా ప్రశాంతంగా ఉండటానికి కారణం ఆ కుర్చీల్లో కూర్చున్న జనమా, వాళ్లను పిలిపించిన ఇన్‌స్పెక్టరా, ఆ ఇన్‌స్పెక్టర్‌కు పైనుంచి ఫోన్ చేసిన నాయకుడా?

ముందు లెక్కలు చూడాలి. రాజకీయ శాస్త్రవేత్తలు అశుతోష్ వార్ష్ణేయ్, స్టీవెన్ విల్కిన్సన్ కలిసి 1950 నుంచి 1995 దాకా టైమ్స్ ఆఫ్ ఇండియాలో వచ్చిన హిందూ ముస్లిం అల్లర్ల వార్తలను ఏరి జాబితా కట్టారు. ఆ 46 ఏళ్ల చావుల్లో దాదాపు 46 శాతం ఎనిమిది నగరాల్లోనే జరిగాయి: అహ్మదాబాద్, బొంబాయి, అలీగఢ్, హైదరాబాద్, మీరట్, బరోడా, కలకత్తా, ఢిల్లీ. దేశ పట్టణ జనాభాలో ఈ ఎనిమిదింటి వాటా 18 శాతమే. ఇక పల్లెల్లో జరిగిన చావులు మొత్తంలో 4 శాతం కూడా లేవు. అది కూడా దేశంలో అత్యధికులు పల్లెల్లోనే ఉన్న కాలంలో.

ఈ అంకెల ముందు మనం రోజూ వినే ఒక మాట నిలబడదు. "వాళ్లకూ వీళ్లకూ మొదట్నించీ పడదు" అనే మాట. పడకపోతే అంతటా పడకూడదు కదా! కొన్ని ఊళ్లలోనే, ఆ ఊళ్లలోనూ కొన్ని వాడల్లోనే ఎందుకు పడదు?

తెలంగాణ పల్లెల సంగతే తీసుకుంటే, పీర్ల పండుగ ఒక్క మతానిది కాదని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. పీర్లను ఎత్తేవాళ్లలో, మలీద ముద్దలు తెచ్చేవాళ్లలో, గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులు ఉంటారు. అయితే పల్లెను కాపాడేది ఆ భక్తి ఒక్కటే కాదు. పల్లెలో పుకారుకు ఆయుష్షు తక్కువ. ఫలానా వాడు ఫలానా పని చేశాడంటే, ఆ ఫలానా వాడు సాయంత్రం కిరాణా కొట్టు దగ్గర కనిపిస్తాడు. అడిగితే తేలిపోతుంది. నగరంలో ఆ ఫలానా వాడు ఎవరికీ తెలియదు. అందుకే నగరంలో ముఖపరిచయాలు చాలవు, వాటి పనిని ఇంకేదో చేయాలి అంటాడు వార్ష్ణేయ్. ఆ ఇంకేదో ఏమిటన్నదే 2002లో వచ్చిన ఆయన పుస్తకం.

అంతకుముందు చాలామంది ఇచ్చిన జవాబు సంస్కృతి. 1963లో గాబ్రియల్ ఆల్మండ్, సిడ్నీ వెర్బా అనే ఇద్దరు అమెరికా పండితులు అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికో దేశాల్లో జనాన్ని ప్రశ్నలడిగి, ప్రభుత్వం పట్ల, తోటివాళ్ల పట్ల జనానికుండే నమ్మకాలూ అలవాట్లూ కలిసి ప్రజాస్వామ్యాన్ని నిలబెడతాయి, లేదా కూలుస్తాయి అని సిద్ధాంతం చేశారు. రాజకీయ సంస్కృతి అనే మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది అప్పుడే. దీనికి మన దగ్గర ఇంకా ముచ్చటైన పేరుంది: గంగా జమునా తహ్జీబ్, అంటే హిందూ ముస్లింల కలగలుపు సంస్కృతి. హైదరాబాద్ గురించి ఏ సభలో మాట్లాడినా ఈ మాట రాకుండా పోదు.

తహ్జీబ్ లేదని ఎవరూ అనలేరు. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీకా ఆలం అనే పవిత్ర ధ్వజం ఏనుగు మీద బయల్దేరుతుంది. బోనాలప్పుడు అక్కన్న మాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం కూడా ఏనుగు మీదే. జూపార్కులోని రజని అనే ఏనుగు కొన్నేళ్లు ఈ రెండు ఊరేగింపుల్లోనూ నడిచింది. ఒకే ఏనుగు, రెండు దేవుళ్ల సేవ. ఇంతకంటే మంచి బొమ్మ తహ్జీబ్‌కు దొరకదు.

చిక్కల్లా లక్నోతో వస్తుంది. లక్నోకూ నవాబులే, ఉర్దూయే, ముషాయిరాలే, అదే అదబ్, అదే మర్యాద. బిర్యానీ ఎవరిది గొప్ప అనే తగువొక్కటే తేడా. సంస్కృతే శాంతిని నిలబెట్టేదైతే రెండు ఊళ్లకూ ఒకే కథ ఉండాలి. కానీ వార్ష్ణేయ్ జాబితాలో హైదరాబాద్ నాలుగో పేరు, లక్నో అసలు లేదు. 1978 నుంచి పన్నెండు పదమూడేళ్లపాటు హైదరాబాద్‌లో కర్ఫ్యూ వానాకాలం లాగా వచ్చి పోయేది. లక్నోలో గొడవలు లేవని కాదు. అక్కడ షియా సున్నీ తగాదాలు ఎంత ముదిరాయంటే 1977లో మతపరమైన ఊరేగింపులనే నిషేధించి, దాదాపు ఇరవై ఏళ్లకు గాని మళ్లీ అనుమతించలేదు. హిందూ ముస్లిం అల్లర్లు మాత్రం ఆ ఊరిని అంటుకోలేదు. ఒకే తహ్జీబ్ ఉన్న రెండు ఊళ్లలో ఒకటి కాలి, ఒకటి కాలకపోతే, కారణం తహ్జీబ్‌లో వెతకడం దండగ.

ఇలా ఊళ్లను జతలు జతలుగా పోల్చడమే వార్ష్ణేయ్ పద్ధతి. హైదరాబాద్‌కు లక్నో, అహ్మదాబాద్‌కు సూరత్, అలీగఢ్‌కు కేరళలోని కాలికట్. మూడో జత అన్నిటికంటే బాగా విప్పి చెబుతుంది. అలీగఢ్, కాలికట్ రెండింటిలోనూ ముస్లింలు మూడోవంతుకు పైనే. కాలికట్‌లో సర్వే చేస్తే, రెండు మతాలవాళ్లం తరచూ కలిసి భోంచేస్తామన్నవారు దాదాపు 83 శాతం. అలీగఢ్‌లో 54. పిల్లలు కలిసి ఆడుకుంటారన్నది కాలికట్‌లో 90 శాతం కుటుంబాలైతే అలీగఢ్‌లో 42. ఇక్కడిదాకా చూస్తే మళ్లీ మంచితనం దగ్గరికే వచ్చినట్టుంటుంది. కానీ ఆయన అంతటితో ఆగలేదు. కలిసి తినడం, పలకరించుకోవడం ఒక ఎత్తు. వ్యాపార సంఘం, కార్మిక సంఘం, రిక్షావాళ్ల యూనియన్, లయన్స్ క్లబ్, పార్టీ శాఖ, గ్రంథాలయం వంటి చోట్ల రెండు మతాలవాళ్లూ ఒకే రిజిస్టర్‌లో సభ్యులుగా ఉండటం ఇంకో ఎత్తు. పెద్ద ఊళ్లో గాలి వేడెక్కినప్పుడు మొదటిది కరిగిపోతుంది, రెండోది నిలబడుతుంది. ఇదీ ఆయన వాదం.

ఎందుకు నిలబడుతుందో చూడాలంటే పుకార్లను చూడాలి. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, అల్లర్ల విషయంలో ముందు పొగే వస్తుంది. 1990 చివర్లో అలీగఢ్ పత్రికలు కొన్ని, ముస్లిం విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హిందూ రోగులను చంపేస్తున్నారని రాశాయి. అది పచ్చి అబద్ధం. కానీ అబద్ధమని తేలేలోపు ఊళ్లో మనుషులు చచ్చిపోయారు. అదే కాలంలో కాలికట్‌లోనూ పుకార్లు పుట్టాయి: మసీదులో పంది కళేబరం వేశారని, గురువాయూర్ గుడి మీద దాడి జరిగిందని. అక్కడ శాంతి కమిటీలో రెండు మతాల, అన్ని పార్టీల మనుషులున్నారు. ఫోన్లు తిరిగాయి, పత్రికలు నిజం రాశాయి, పుకారు చచ్చింది. అలీగఢ్‌లోనూ కమిటీలున్నాయి, కాకపోతే ఒక్కో మొహల్లాలో ఒక్క మతంవాళ్లవే. రాత్రంతా కర్రలు పట్టుకుని తమ వీధికి కాపలా కాసేవి. పక్క వీధిలో ఏం జరిగిందో కనుక్కోవడానికి వాళ్లకు అవతల ఎవరూ తెలియదు. కాపలా ఎక్కువైనకొద్దీ భయమూ ఎక్కువైంది.

సూరత్ గురించి రెండు మాటలు చాలు. 1992 డిసెంబరులో ఆ ఊళ్లో రక్తపాతం జరిగింది, కానీ పాత నగరంలో కాదు. కలిసి వ్యాపారం చేసుకునే పాత పేటలు నిలబడ్డాయి. కొత్తగా వలస వచ్చినవాళ్లతో నిండిన పారిశ్రామిక మురికివాడలు అంటుకున్నాయి.

లక్నో, హైదరాబాద్‌ల దగ్గరికి మళ్లీ వస్తే, తేడా కొంతవరకు దారంలో ఉంది. లక్నో చికన్ అనే ఎంబ్రాయిడరీ కుట్టుపనికి పేరు. వ్యాపారుల్లో ఎక్కువమంది హిందువులు, కుట్టేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు, అందులోనూ ఆడవాళ్లు. బట్ట ఒకరి దగ్గర అచ్చువేయించి, ఇంకొకరి ఇంట్లో కుట్టించి, మరొకరి దగ్గర ఉతికించి అమ్మాలి. వారం రోజులు కర్ఫ్యూ పడితే ఆర్డరు పోతుంది, కూలీ పోతుంది. ఊరు కాలితే ఇద్దరి పొయ్యీ ఆరుతుంది. హైదరాబాద్‌లో ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి లంకె లేదు. లాడ్ బజార్ గాజుల్ని అందరూ కొంటారు నిజమే. కానీ కొనేవాడి బంధం పలచనిది, ఈ వారం కాకపోతే వచ్చే వారం వస్తాడు.

ఈ లంకె లేకపోవడం వెనక చరిత్ర ఉంది. నిజాం కాలంలో ముస్లిం మధ్యతరగతిలో చాలామంది సర్కారీ నౌకరీ మీద బతికారు. 1948లో ఆ సర్కారు పోయింది, నౌకరీలూ పోయాయి. దానికి ముందు కూడా నిజాం ప్రభుత్వం జనం కలిసి సంఘం పెట్టుకోవడానికి చోటివ్వలేదు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టీపుట్టగానే నిషేధించింది. బ్రిటిష్ ఇండియాలో గాంధీ ఉద్యమం పేరుతో అన్ని మతాలవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్న కాలంలో ఇక్కడ 1927లో పుట్టిన ముస్లింల సంస్థ మజ్లిస్ ఒకవైపు, ఆర్యసమాజం ఇంకోవైపు బలపడ్డాయి. బెంచీలు మొదట్నించీ వేరువేరుగానే పడ్డాయి.

వార్ష్ణేయ్ చేసిన ఈ సంఘాల వాదం చదవడానికి హాయిగా ఉంటుంది. మన చేతిలో ఉన్న పని చెబుతుంది కాబట్టి ఎన్జీవోలకు మరీ నచ్చింది. జాబితా కట్టడంలో వార్ష్ణేయ్‌తో కలిసి కూర్చున్న విల్కిన్సనే 2004లో దీనికి పెద్ద ప్రశ్న వేశాడు. అల్లరి ఎందుకు మొదలైందన్నది సరే, ఎందుకు ఆగలేదు? మన దేశంలో పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటారు. ప్రభుత్వం నిజంగా ఆపాలనుకుంటే చాలా అల్లర్లు గంటల్లో ఆగుతాయి. ఆపాలని ఎప్పుడు అనుకుంటుంది? అధికారంలో ఉన్న పార్టీకి మైనారిటీల ఓట్లు కావలసినప్పుడు, లేదా నాలుగైదు పార్టీల పోటీలో ఆ ఓట్లు లేనిదే గద్దె నిలవనప్పుడు. 1989లో బీహార్‌లోని భాగల్‌పూర్ అల్లర్లలో దాదాపు వెయ్యిమంది చనిపోయారు. మరుసటి ఏడాది లాలూ ప్రసాద్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ స్థాయి అల్లర్లు బీహార్‌లో మళ్లీ జరగలేదు. పోలీసులు మారలేదు, జనం మారలేదు, తహ్జీబూ మారలేదు. ఓట్ల లెక్క మారింది.

అమెరికా రాజకీయ శాస్త్రవేత్త పాల్ బ్రాస్ ఇంకో అడుగు ముందుకేశాడు. అలీగఢ్‌ను కొన్ని దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూసిన మనిషి ఆయన. అల్లర్లు పుట్టవు, తయారవుతాయి అన్నాడు. నాటకం లాగా రిహార్సల్, ప్రదర్శన, ఆ తర్వాత సమీక్ష. నిప్పు ఆరిపోకుండా ఏడాది పొడుగునా కాచుకునేవాళ్లు కొందరు, అద్దె గొడవనో అమ్మాయి గొడవనో అదను చూసి మతం గొడవగా మార్చే నేర్పరులు కొందరు, చివర్లో "జనం ఆవేశం కట్టలు తెంచుకుంది" అని వివరణ రాసిపెట్టేవాళ్లు ఇంకొందరు. ఈ చివరివాళ్లలో పత్రికలవాళ్లూ, ప్రొఫెసర్లూ ఉంటారని ఆయన దెప్పాడు. విద్యావేత్తల లోకంలో ఆ మాట ఇప్పటికీ కొందరికి గుచ్చుకుంటూనే ఉంది.

హైదరాబాద్ చరిత్రతో పోల్చి చూస్తే విల్కిన్సన్, బ్రాస్ మాటలను ఊరికే కొట్టేయలేం. 1984 ఆగస్టు 16న ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. నెలలోపు బలం నిరూపించుకోవాలి. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలు కర్ణాటకలో క్యాంపులో ఉన్నారు. సరిగ్గా ఆ నెలలోనే, సెప్టెంబరులో వినాయక నిమజ్జనం చుట్టూ హైదరాబాద్‌లో అల్లర్లు, కర్ఫ్యూ. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఆ నెలలోనే చెన్నారెడ్డి పదవి వదిలి నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. సొంత పార్టీలోని ప్రత్యర్థులే మంట రాజేశారన్న ఆరోపణ అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆరోపణ ఆరోపణే. కానీ కుర్చీ ఊగినప్పుడల్లా పాతబస్తీ రగలడం కాకతాళీయమని నమ్మడం కష్టం.

ఆ 1990 అల్లర్ల మీద మనస్తత్వవేత్త సుధీర్ కాకర్ ఇక్కడికి వచ్చి రెండు వైపులా మనుషులతో మాట్లాడాడు. వాళ్లలో పహిల్వాన్లున్నారు. తాలీంఖానాలో కసరత్తు, బయట భూముల పంచాయితీలు. తాము గూండాలమని వాళ్లెవరూ అనుకోరు, తమ కౌమ్‌కో (మతసమాజానికో), తమ ధర్మానికో కాపలాదారులమనుకుంటారు. బ్రాస్ చెప్పిన నాటకంలో నటులు వీళ్లు. కాకపోతే కాకర్ దగ్గర వాళ్లకు మొహాలున్నాయి, తమ గురించి తాము చెప్పుకునే కథలున్నాయి.

మరి వార్ష్ణేయ్ సంఘాల మాట తప్పా? దీనికి అసలు పరీక్ష 2013లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో జరిగింది. అక్కడ భారతీయ కిసాన్ యూనియన్ అనే రైతు సంఘం ఉంది. దాని నాయకుడు మహేంద్ర సింగ్ తికాయత్ రోజుల్లో ఆ సభల్లో వేదిక మీది నుంచి ఒక నినాదం అల్లాహు అక్బర్ అయితే రెండోది హరహర మహాదేవ్. హిందూ జాట్ రైతులూ ముస్లింలూ ఒకే చెరుకు ధర కోసం ఒకే ధర్నాలో కూర్చునేవాళ్లు. వార్ష్ణేయ్ కోరుకునే సంఘం ఇంతకంటే వేరే ఉండదు. అయినా 2013 సెప్టెంబరులో ఆ పల్లెలే మండాయి. అరవై మందికి పైగా చనిపోయారు, వేలమంది ఊళ్లు వదిలి శిబిరాల్లో చేరారు. యూనియన్‌లో పెద్ద ముస్లిం నాయకుడు గులాం మహమ్మద్ జౌలా బయటికొచ్చి వేరు కుంపటి పెట్టుకున్నారు. సంఘం అల్లరిని ఆపలేదు, అల్లరే సంఘాన్ని చీల్చింది. పల్లెల్లో గొడవలు ఉండవన్న పాత లెక్క కూడా దాంతో చెదిరింది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2021 సెప్టెంబరు 5న సాగు చట్టాలకు వ్యతిరేకంగా అదే ముజఫర్‌నగర్‌లో మహాపంచాయత్ జరిగినప్పుడు, మహేంద్ర సింగ్ కొడుకు రాకేశ్ తికాయత్ ఆ పాత నినాదాల జంటను మళ్లీ వేదిక మీద పలికించారు. చెరుకు బకాయి హిందువుకూ ముస్లింకూ వేరుగా ఉండదు. పోటు తగిలితే పనిబంధం తెగుతుంది, పని మిగిలి ఉంటే మళ్లీ అతుక్కోవచ్చు కూడా. ప్రేమాభిమానాల కంటే ఇక్కడ చెరుకు ధరే గట్టి దారం అనిపిస్తుంది. ఆ దారాన్ని తెంపగల కత్తి మాత్రం పార్టీల చేతిలో ఉంది.

ఈ చర్చంతా మరో విషయాన్ని పక్కన పెట్టేస్తుంది: దేన్ని లెక్కపెడుతున్నాం అన్నది. జాబితా 1950లో మొదలవుతుంది. రెండేళ్లు వెనక్కి జరిగితే హైదరాబాద్ సంస్థానంలో రజాకార్ల దౌర్జన్యాలున్నాయి, 1948 సెప్టెంబరు పోలీస్ చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన మారణకాండ ఉంది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ చావులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. చాలావరకు పల్లెలే. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం చేతికి రాలేదు. ఇవి కలిపితే పల్లెల వాటా 4 శాతం దగ్గర ఆగదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి పల్లె శాంతమూర్తి అవుతుంది, కాకుండానూ పోతుంది.

చావులు లేకపోతే శాంతి ఉన్నట్టేనా అన్నది ఇంకో ప్రశ్న. శాంతి అధ్యయనాలకు పునాది వేసినవాళ్లలో ఒకరైన నార్వే పండితుడు యోహాన్ గాల్తుంగ్ 1960లలోనే దీన్ని రెండుగా విడదీశాడు. కొట్లాట లేకపోవడం ఒక రకం శాంతి, అన్యాయం లేకపోవడం ఇంకో రకం. 1990ల మధ్య నుంచి హైదరాబాద్‌లో మొదటి రకం బాగానే కుదిరింది. ఐటీ పెట్టుబడులు రావాలంటే కర్ఫ్యూ ఉండకూడదని ప్రభుత్వాలకు అర్థమైంది, గెలవాలనుకునే ప్రతి పార్టీకీ ముస్లిం ఓట్లు అవసరమయ్యాయి. కానీ అల్లర్ల ఏళ్లలో ఇళ్లు మారినవాళ్లు తిరిగి రాలేదు. కలిసి ఉన్న గల్లీలు తగ్గి, ఒక్క మతం కాలనీలు పెరిగాయి. ఇల్లు అద్దెకు అడిగితే ఫోన్లో ముందు పేరు అడుగుతారు, తర్వాత "ఇచ్చేశామండీ" అంటారు. ఎదురుపడేవాళ్లే లేని చోట కొట్లాటకు ఎవరు దొరుకుతారు? ఇది కాలికట్ శాంతి కాదు, గోడ కట్టుకున్నాక వచ్చిన నిశ్శబ్దం. అల్లర్ల జాబితాలో రెండూ సున్నాలే.

పోలీస్ స్టేషన్‌లోని ఆ ప్లాస్టిక్ కుర్చీలను చిన్నచూపు చూడలేకపోవడానికి కారణం ఇదే. గోడలు లేచిన ఊళ్లో ఆ సాయంత్రమైనా రెండు వైపులవాళ్లు ఒకరి ఫోన్ నంబరు ఒకరు రాసుకుంటారు. పిలిచింది పోలీసులే, ఒప్పుకుందాం. అది కాలికట్ సంఘం కాదు, దానికి బదులుగా సర్కారు కుట్టిన అతుకు.

2023లో ఆ అతుకు మీద గట్టి బరువే పడింది. వినాయక నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు మిలాదున్నబీ రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. లక్షలమంది ఒకే రోజు రోడ్ల మీదికి వస్తారు. హైదరాబాద్ మిలాద్ జులూస్ కమిటీ తన ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకుంది. 2024లో మళ్లీ అదే సమస్య, మళ్లీ సెప్టెంబరు 19కి వాయిదా. 2023లో అసెంబ్లీ ఎన్నికలు రెండు నెలల దూరంలో ఉన్నాయి, గొడవ కావాలనుకున్న అధికార పార్టీ లేదు, విల్కిన్సన్ చెప్పినట్టే. వాయిదాకు ఒప్పుకుని తమవాళ్లకు నచ్చజెప్పగలిగిన కమిటీ ఉంది, వార్ష్ణేయ్ చెప్పినట్టే. రెండింటిలో ఒకటి లేకుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇందులో పంచాంగం పాత్రా ఉంది. ముస్లింల హిజ్రీ క్యాలెండర్ ఏడాది మన ఏడాది కంటే పదకొండు రోజులు చిన్నది. మన పంచాంగం మూడేళ్లకో అధిక మాసం వేసి సరిచేసుకుంటుంది, హిజ్రీ సరిచేసుకోదు. 2023 అధిక శ్రావణం తర్వాత మిలాద్, నిమజ్జనం వరసగా మూడేళ్లు అంటుకుని నడిచాయి. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో విడిపోతాయి: మిలాద్ ఆగస్టు చివరికి జరుగుతుంది, వినాయక చవితి సెప్టెంబరు 14న. 2029 నాటికి మిలాద్ ఇంకా వెనక్కి జరిగి ఆషాఢంలో, బోనాల నెలలో పడుతుంది. ఆ ఏడాది పీస్ కమిటీ మీటింగులు వినాయక చవితికి కాదు, జూన్‌లోనే మొదలుపెట్టాలి.